సరిహద్దులు దాటిన కుటుంబాలపై ఉమ్మడి పరిశోధన ఎలా చేయాలి: హైదరాబాదులోని పరిశోధకులకు ఒక కరదీపిక

విదేశీ విశ్వవిద్యాలయం నుంచి మీకొక ఈమెయిల్ వస్తుంది. వలస వెళ్ళినవారి కుటుంబాల మీద తామొక ప్రాజెక్టు రూపొందించామనీ, తమ దేశంలో ఉన్న తెలుగువారితో తామే మాట్లాడతామనీ, ఇక్కడ ఉండిపోయిన తల్లిదండ్రులతో, భార్యాపిల్లలతో మాట్లాడే బాధ్యత మీరు తీసుకోగలరా అనీ అందులో ఉంటుంది. ప్రశ్నావళి జతచేసి ఉంటుంది, నిధుల దరఖాస్తుకు మూడు వారాల గడువు మిగిలి ఉంటుంది. పిలుపు గౌరవంగానే ఉంటుంది, ఉద్దేశం కూడా మంచిదే. అయినా వెంటనే సరేననకండి. ప్రశ్న వాళ్ళది, జవాబుల సేకరణ మనది అన్న పంపకం ఆ ఉత్తరంలోనే జరిగిపోయింది. ఒక కుటుంబం రెండు దేశాల్లో బతుకుతున్నప్పుడు దాన్ని అర్థం చేసుకునే పనిని ఇలా రెండు ముక్కలు చేస్తే, చివరికి వెళ్ళినవారి గురించి ఒక అధ్యయనం, ఉండిపోయినవారి గురించి మరొక అధ్యయనం చేతికి వస్తాయి తప్ప కుటుంబం గురించి ఏమీ మిగలదు.

ఇటువంటి బృందాల్లో హైదరాబాదు వైపు నుంచి పనిచేసిన అనుభవంతో ఈ వరుసను మీ ముందు పెడుతున్నాను. నేను గట్టిగా పట్టుబట్టేది ఒక్కటే. ప్రశ్న, డబ్బు, అనుమతి, భాష, రాత, వీటిలో ప్రతి దాని గురించీ మొదటి ఇంటర్వ్యూకు ముందే రెండు వైపులవారూ కలిసి కూర్చుని నిర్ణయించుకోవాలి. ఇంటర్వ్యూలు మొదలయ్యాక సరిదిద్దుకోగలిగేవి చాలా తక్కువ.

ముందు కుటుంబం అంటే ఎవరో తేల్చుకోండి

మన జనాభా లెక్కల ప్రకారం సాధారణంగా కలిసి నివసిస్తూ ఒకే వంటగదిలో వండినది తినేవారు ఒక కుటుంబం. లెక్కల అవసరానికి ఇది సరిపోతుంది. కానీ ఈ నిర్వచనాన్ని యథాతథంగా మీ ప్రశ్నావళిలోకి తెచ్చుకుంటే, రెండేళ్ళకొకసారి సెలవు మీద వచ్చే భర్త ఆ ఇంటివాడు కాకుండా పోతాడు. అతను పంపే డబ్బు బయటి నుంచి వచ్చిన ఆదాయంగా నమోదవుతుంది. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ 1998లో మొదలుపెట్టి విడతలవారీగా చేస్తూ వచ్చిన కేరళ వలస సర్వేలో, ఒకప్పుడు ఆ ఇంట్లో ఉండి ఇప్పుడు విదేశంలో ఉన్నవారి వివరాలను ఇంట్లో ఉన్నవారిని అడిగి రాసుకుంటారు. అది పెద్ద ముందడుగే, అయితే అందులో నమోదయ్యేది ఇంట్లో ఉన్నవారి మాట మాత్రమే. ఘానా నుంచి నెదర్లాండ్స్ వెళ్ళినవారి మీద పనిచేసిన వాలెంటీనా మజ్జుకాటో బృందం వలస వెళ్ళినవారినీ, స్వదేశంలో వారితో సంబంధం ఉన్నవారినీ జతలుగా ఎంచుకుని రెండు చోట్లా ఒకే కాలంలో అధ్యయనం చేసింది. మీకు నా సిఫారసు ఈ పద్ధతే. దీనిలో ఖర్చు పెరుగుతుంది, అదే డబ్బుతో చేరగలిగే కుటుంబాల సంఖ్య తగ్గుతుంది. అయినా ఉమ్మడి పరిశోధన అన్న మాటకు అర్థం దీనితోనే వస్తుంది.

నిర్వచనాన్ని బల్ల దగ్గర కూర్చుని రాయకుండా, ముందుగా నాలుగైదు కుటుంబాల దగ్గరకు వెళ్ళి వారినే అడగండి. "మీ ఇంట్లో ఎంతమంది" అని అడిగితే ఒక జవాబు వస్తుంది. "ఆసుపత్రిలో చేరవలసి వస్తే మొదటి ఫోన్ ఎవరికి చేస్తారు", "పెళ్ళి సంబంధం ఖాయం చేసుకునే ముందు ఎవరి మాట కోసం ఆగుతారు", "స్థలం కొంటే ఎవరి పేరున రిజిస్టరు చేయిస్తారు" అని అడిగితే వేరే జవాబులు వస్తాయి. ఈ మూడింటిలోనూ కనిపించే పేర్లన్నిటినీ ఒక కాగితం మీద వంశవృక్షంలాగా గీయించండి. ఆ కాగితమే మీ నిర్వచనానికి ఆధారం.

బంధుత్వ పదాలను ఇంగ్లీషు గడుల్లోకి కుదించడానికి మాత్రం ఒప్పుకోకండి. కజిన్ అని ఒకే గడి ఉంటే పెదనాన్న కొడుకూ మేనబావా అందులోనే పడతారు. ఒకరు అన్న, ఇంకొకరు పెళ్ళి చేసుకోదగిన వరుస. అమెరికాలో చదువుకుంటున్న మేనబావ చదువుకు మామ ఎందుకు అప్పు తెచ్చి పంపుతున్నాడో ఆ గడిని బట్టి ఎవరికీ తెలియదు. తెలుగు వరుసలను తెలుగులోనే నమోదు చేసి, వాటి పక్కన కోడ్ ఇవ్వాలి. ఇంటి పెద్ద ఎవరన్న ప్రశ్నదీ అదే సంగతి. పంటసాగు, పిల్లల చదువు, అప్పుల కిస్తీలు అన్నీ ఒంటి చేత్తో నడుపుతున్న స్త్రీ కూడా ఆ ప్రశ్నకు ఎనిమిదేళ్ళుగా దుబాయ్‌లో ఉన్న భర్త పేరే చెబుతుంది. ఆ ఒక్క ప్రశ్న స్థానంలో "ఈ ఏడాది విత్తనాలు ఎవరు కొన్నారు", "బ్యాంకుకు ఎవరు వెళ్ళారు" వంటి చిన్న ప్రశ్నలు నాలుగైదు పెట్టండి.

ఏ దారిన వెళ్ళిన కుటుంబాలో ఎంచుకోండి

తెలుగు నేల నుంచి బయటికి వెళ్ళే దారులు ఒకదానికొకటి పోలిక లేనివి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్ళే మగవారు, కడప వైపు నుంచీ కోనసీమ నుంచీ ఇంటిపనికి కువైట్ వెళ్ళే స్త్రీలు, నిజాంపేట, కూకట్‌పల్లి ఫ్లాట్ల నుంచి హెచ్‌-1బి వీసా మీద అమెరికా వెళ్ళిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, టోలీచౌకి నుంచి సౌదీకి వెళ్ళి అక్కడే పిల్లల్ని పెంచుతున్నవారు, అందరూ వలస కుటుంబాలే. బార్కాస్‌ను చూస్తే దారి ఇటువైపు కూడా ఉందని గుర్తొస్తుంది. అక్కడి కుటుంబాల పూర్వీకులు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో కొలువుకు వచ్చినవారు. ఒకే ప్రశ్నావళితో వీరందరినీ అడిగితే ఏ ఒక్కరి జీవితమూ సరిగా పట్టుబడదు. మొదటి ప్రాజెక్టుకు ఒకే దారిని, మహా అయితే రెండింటిని తీసుకోండి.

నమూనా ఎంపిక దగ్గర విదేశీ భాగస్వాములు తప్పకుండా వలస వెళ్ళినవారి జాబితా అడుగుతారు. 1983 వలస చట్టం ప్రకారం పదో తరగతి పూర్తిచేయనివారు గల్ఫ్ దేశాలతో సహా కొన్ని నిర్దిష్ట దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే అనుమతి తీసుకోవాలి కాబట్టి, ఆ మేరకు ప్రభుత్వం దగ్గర నమోదు ఉంటుంది. పది పాసైనవారు, విజిట్ వీసా మీద వెళ్ళి ఉండిపోయినవారు, అమెరికా వెళ్ళినవారు ఆ నమోదులో కనిపించరు. కాబట్టి గ్రామాల్లోనైతే ఎంచుకున్న ఊళ్ళలో ఇంటింటి జాబితా మీరే తయారు చేసుకోవాలి. నగరంలోనైతే అపార్టుమెంటు సంఘాలు, మసీదు కమిటీలు, పదవీవిరమణ చేసినవారి సంఘాలు వంటి వేరువేరు ద్వారాల నుంచి లోపలికి వెళ్ళాలి. ఒక ద్వారం నుంచి వచ్చే కుటుంబాలకు పరిమితి పెట్టుకోకపోతే నమూనా మొత్తం ఒకే బంధువర్గంతో నిండిపోతుంది. జతల్లో సగం ఇక్కడి నుంచి అక్కడికీ, సగం అక్కడి నుంచి ఇక్కడికీ వెతకాలని ఒప్పందంలో రాసుకోండి. ఎప్పుడూ ఇటునుంచే మొదలుపెడితే, ఇంటితో మాటలు తెగిపోయినవారు మీకు ఎన్నటికీ దొరకరు.

డబ్బు, ఒప్పందం

విశ్వవిద్యాలయాల మధ్య అవగాహన ఒప్పందం మీద సాధారణంగా రిజిస్ట్రారు సంతకం చేస్తారు. అందులో స్నేహం, సహకారం వంటి మాటలే ఉంటాయి కాబట్టి దానితో సరిపెట్టుకోకండి. ఎవరు ప్రశ్నావళిని మార్చగలరు, రికార్డింగులు ఎక్కడ ఉంటాయి, ఇక్కడి క్షేత్ర పరిశోధకుల జీతాలు ఏ నెల నుంచి ఏ నెల వరకు, ఎవరి పేరు ఏ వ్యాసం మీద ఉంటుంది అన్నవి విడిగా ప్రాజెక్టు ఒప్పందంలో రాయాలి.

విదేశీ నిధుల విషయంలో 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్నీ దానికి 2020లో వచ్చిన సవరణనూ దరఖాస్తు పంపకముందే మీ ఫైనాన్స్ విభాగంతో కూర్చుని చదవండి. ఆ చట్టం కింద నమోదైన సంస్థలు విదేశీ విరాళాన్ని మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఉన్న ఖాతాలోనే అందుకోవాలి; పరిపాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు; అందుకున్న విరాళాన్ని మరొక సంస్థకు బదిలీ చేయకూడదు. ఈ మూడో నిబంధన ఉమ్మడి ప్రాజెక్టులకు గట్టిగా తగులుతుంది. హైదరాబాదు సంస్థ డబ్బు తీసుకుని కరీంనగర్‌లోని స్వచ్ఛంద సంస్థకు క్షేత్రపని కోసం కొంత ఇస్తుందని దరఖాస్తులో రాస్తే, తరువాత అది నడవదు. చట్టం ద్వారా ఏర్పడి కాగ్ తనిఖీకి లోబడి ఉండే సంస్థలకు మినహాయింపు ఉంది కాబట్టి మీ సంస్థ ఏ కోవకు చెందుతుందో ముందు తెలుసుకోండి. దేశీయంగా చూస్తే విదేశీ విశ్వవిద్యాలయాలతో ఉమ్మడి పరిశోధన కోసం విద్యాశాఖ 2018లో మొదలుపెట్టిన స్పార్క్ పథకం, భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి అంతర్జాతీయ సహకార కార్యక్రమాలు ఉన్నాయి. ఇక్కడి డబ్బు కొంతైనా ప్రాజెక్టులో ఉంటే ప్రశ్నలు రూపొందించే బల్ల దగ్గర మీ మాటకు బరువు పెరుగుతుందని అనుభవం మీద చెబుతున్నాను.

సలహా కోసం నగరంలోనే చూడండి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ప్రవాస భారతీయుల అధ్యయనానికి 1996లోనే ఒక కేంద్రం ఏర్పడింది. బేగంపేటలోని సెంటర్ ఫర్ ఎకనమిక్ అండ్ సోషల్ స్టడీస్‌లో గ్రామీణ సర్వేల మీద ఏళ్ళ తరబడి పనిచేసినవారు ఉన్నారు.

అనుమతులు

నైతిక సమీక్ష రెండు దేశాల్లోనూ జరగాలి. అక్కడి కమిటీ ఆమోదించింది కాబట్టి ఇక్కడ అవసరం లేదన్న వాదన అప్పుడప్పుడు వినిపిస్తుంది, దాన్ని ఒప్పుకోకండి. అక్కడి కమిటీకి మన ఊళ్ళో ఒక స్త్రీ ఇంటికి ముగ్గురు అపరిచితులు వెళ్ళి తలుపు వేసుకుని రెండు గంటలు మాట్లాడితే ఏమవుతుందో తెలియదు. మీ ప్రశ్నావళిలో నిద్ర, కుంగుబాటు, రక్తపోటు వంటివి ఉంటే అది ఆరోగ్య పరిశోధన కిందికి వస్తుంది. అప్పుడు భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు వర్తిస్తాయి, విదేశీ భాగస్వామ్యం ఉన్నందున ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ ఆమోదం గురించి కూడా చూడాలి. దీనికి నెలలు పట్టవచ్చు కనుక, ఆరోగ్య ప్రశ్నలు నిజంగా అవసరమా అన్నది మొదటి సమావేశంలోనే తేల్చుకోండి.

ఇక్కడికి వచ్చి ఇంటర్వ్యూలు చేసే విదేశీ సహచరులు పర్యాటక వీసా మీద కాకుండా పరిశోధన వీసా మీద రావాలి. యూరప్ భాగస్వామి అయితే అక్కడ 2018 మే 25 నుంచి అమలులో ఉన్న డేటా పరిరక్షణ నిబంధనల ప్రకారం, అక్కడి సమాచారం హైదరాబాదుకు పంపడానికి ప్రామాణిక ఒప్పంద నిబంధనలు (డేటా బదిలీకి యూరప్ ముందే రాసిపెట్టిన షరతులు) వంటి ఏర్పాటు కావాలి. ఇరువైపులా సమాచారం కదలాలి కాబట్టి ఆ పత్రం మీద సంతకాలయ్యేదాకా జతల ఇంటర్వ్యూలు మొదలుపెట్టవద్దు.

పిల్లల విషయం వేరుగా చూడాలి. అమెరికాలో పుట్టి, తల్లిదండ్రుల ఉద్యోగాల వల్ల ఇక్కడ అమ్మమ్మ తాతయ్యల దగ్గర పెరుగుతున్న పిల్లలతో మాట్లాడేటప్పుడు, ఎదురుగా ఉన్న పెద్దవారి అంగీకారం చాలదు. తల్లిదండ్రుల అంగీకారం దూరం నుంచైనా విడిగా తీసుకోవాలి, ఆ తరువాత పిల్లల ఇష్టం కూడా అడగాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది.

మాటలు

ప్రశ్నావళిని తెలుగులోకి మార్చి, మరొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి, రెండూ సరిపోలితే పని అయిపోయిందనుకోవడం ఆనవాయితీ. ఈ పరీక్షలో గ్రాంథిక పదాలు ఎప్పుడూ నెగ్గుతాయి. ఒంటరితనం అని రాస్తే తిరుగు అనువాదంలో అచ్చంగా అదే ఇంగ్లీషు మాట వస్తుంది, భాగస్వాములు సంతోషిస్తారు. సిరిసిల్ల దగ్గర ఊళ్ళో ఒక తల్లి మాత్రం కొడుకు గురించి "రంది పెట్టుకున్న" అంటుంది. గోదావరి వైపు "బెంగ పెట్టుకున్నాను" అంటారు. నగరంలో "దిగులుగా ఉంటోంది" అంటారు. ఇవి ఒకటి కావు. బెంగ దూరమైన మనిషి కోసం పడేది. రంది అప్పు గురించీ ఉంటుంది, ఆడపిల్ల పెళ్ళి గురించీ ఉంటుంది, మనిషి కోసమూ ఉంటుంది. ఒక కొలమానంలో ఈ మూడింటినీ ఒకే అంకెగా మార్చితే కువైట్ కుటుంబాలకూ డల్లాస్ కుటుంబాలకూ మధ్య తేడా అని మీరు చూపించేది మాటల తేడా మాత్రమే కావచ్చు.

కాబట్టి తిరుగు అనువాదం తరువాత ఇంకొక అడుగు వేయండి. ప్రతి ప్రాంతంలోనూ ఎనిమిది పది మందికి ప్రశ్న చదివి వినిపించి, "దీన్ని మీ పక్కింటి ఆమెను మీరు ఎలా అడుగుతారు" అని అడగండి. వాళ్ళు చెప్పిన రూపాన్ని రాసుకుని, ఏ ప్రాంతంలో ఏ రూపం వాడారో ప్రతి ఇంటర్వ్యూలో నమోదు చేయండి. పాతబస్తీ కుటుంబాలకు దక్కనీ ఉర్దూలో వేరే రూపం కావాలి. పుస్తకాల ఉర్దూ అక్కడ పరాయిగా వినిపిస్తుంది.

డబ్బు మాటలకు ఇంకా జాగ్రత్త కావాలి. "మూడు రూపాయల మిత్తికి తెచ్చిన" అంటే నూటికి నెలకు మూడు రూపాయలు, అంటే ఏడాదికి 36 శాతం. విదేశీ సహచరుడు వడ్డీ గడిలో 3 అని చూసి దాన్ని వార్షిక వడ్డీగా తీసుకుంటే, ఏజెంటుకు కట్టిన అప్పు తీరడానికి మూడేళ్ళు ఎందుకు పట్టిందో అతనికి అంతుపట్టదు. ఆజాద్ వీసా (పేరుకు ఒక యజమాని కింద తీసుకుని, పని వేరేచోట వెతుక్కునే వీసా), కఫీల్ (వీసాకు పూచీపడే స్థానిక యజమాని), ఔట్‌పాస్ (కాగితాలు లేనివారు ఇంటికి తిరిగి రావడానికి ఇచ్చే పత్రం), ఖల్లివల్లి వంటి గల్ఫ్ మాటలకు ఒక పదకోశం తయారు చేసి రెండు బృందాల చేతుల్లోనూ పెట్టండి. ఖల్లివల్లి అయ్యాడు అంటే కంపెనీని వదిలి కాగితాలు లేకుండా ఉంటున్నాడని అర్థం. ఆ ఒక్క మాట రికార్డింగులో ఉంటే ఆ మనిషికి అక్కడ ప్రమాదం ఉందని, దాన్ని విని అక్షరాల్లో రాతప్రతి తయారు చేసేవారికి తెలిసి ఉండాలి.

ఇంగ్లీషులో కేర్ అన్న ఒక్క మాట చుట్టూ భాగస్వాములు సిద్ధాంతం కడతారు. మనకు చూసుకోవడం, సాకడం, కనిపెట్టుకుని ఉండడం, పురుడు పోయడం అన్నీ వేరువేరు పనులు, వేరువేరు మనుషుల బాధ్యతలు. కూతురి పురుటికి బి-2 వీసా మీద అమెరికా వెళ్ళి, ఆరు నెలల లోపు తిరిగి వచ్చే తల్లిని కేర్ పొందే వృద్ధురాలి జాబితాలో వేయాలా, ఇచ్చేవారి జాబితాలో వేయాలా అన్న ప్రశ్నను మీరే లేవనెత్తండి.

ఒక చివర విన్నది ఇంకో చివరకు చేరకూడదు

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన చోటు ఇది. దూరంగా ఉన్న కుటుంబాలు కొన్ని సంగతులు దాచుకోవడం వల్లనే నిలబడతాయి. తల్లి కంటి ఆపరేషన్ సంగతి కొడుకుకు చెప్పదు, కొడుకు ఉద్యోగం పోయిన సంగతి తల్లికి చెప్పడు. ఇద్దరూ మీకు చెబుతారు. అప్పుడు ఆ కుటుంబంలో రెండు వైపుల సంగతీ తెలిసినవారు మీరొక్కరే అవుతారు.

నేను పనిచేసిన ఒక బృందంలో, ఒక పరిశోధకుడు గల్ఫ్‌లో ఉన్న భర్తతో మాట్లాడిన రాతప్రతిని చదివి, తరువాత భార్యను కలిసినప్పుడు "నెలకు ఇంత జీతం వస్తుందట కదా" అని మాటవరసకు అన్నాడు. ఆమెకు తెలిసిన అంకె అంతకంటే తక్కువ. తమ్ముడి చదువుకు కొంత విడిగా పంపుతున్న సంగతి అతను ఇంట్లో చెప్పలేదు. ఆ రాత్రే ఫోన్లో గొడవ అయింది. క్షమాపణ చెప్పడానికి నేను వెళ్ళాను. ఆమె మంచినీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టింది కానీ, ఆ తరువాత మాతో మాట్లాడలేదు. ఆ జతను అధ్యయనం నుంచి తీసివేశాం. ఆ ఇంట్లో మేము చేసిన నష్టాన్ని మాత్రం తీసివేయలేకపోయాం.

అప్పటి నుంచి ఈ పద్ధతిని పాటిస్తున్నాను, మీరూ పాటించాలని కోరుతున్నాను. జతలోని ఇద్దరినీ ఒకే మనిషి ఇంటర్వ్యూ చేయకూడదు. రెండు చివరల ఇంటర్వ్యూలన్నీ పూర్తయ్యేవరకు ఏ పరిశోధకుడూ రెండో వైపు రాతప్రతిని చూడకూడదు. జతలను కలిపే కోడ్ పట్టిక ఒక్కరి దగ్గరే, ఇంటర్నెట్‌కు కలపని కంప్యూటర్‌లో ఉండాలి. అది హైదరాబాదులోనే ఉండాలని నేను పట్టుబడతాను, ఎందుకంటే పొరపాటు జరిగితే ఆ ఇంటికి వెళ్ళగలిగేది మనమే. అంగీకారం ఇద్దరి దగ్గరా విడివిడిగా తీసుకోవాలి, ఒకరు తప్పుకుంటే రెండోవారి మాటలను ఏమి చేస్తారో ఇద్దరికీ ముందే చెప్పాలి. రెండు వైపుల అంకెలు సరిపోలకపోతే ఏది నిజమో తేల్చడానికి మళ్ళీ వెళ్ళి అడగవద్దు. తేడాను తేడాగానే విశ్లేషించండి.

పేర్లు మార్చితే చాలదని కూడా గుర్తుంచుకోండి. మీ వ్యాసాన్ని ఆ భార్య చదివితే భర్త మాటను గుర్తుపట్టగలదా అన్నదే అసలు పరీక్ష. జతలోని ఇద్దరి మాటలను పక్కపక్కన అచ్చువేయకండి. ఊరు, దేశం, ప్రమాదం జరిగిన ఏడాది మూడూ కలిపి రాస్తే జగిత్యాల జిల్లాలో సగం మందికి అది ఎవరి కథో తెలిసిపోతుంది.

పాస్‌పోర్టు, ఆధార్, ఇకామా (సౌదీ నివాస అనుమతి), సివిల్ ఐడీ (కువైట్ గుర్తింపు కార్డు) సంఖ్యలను అసలు తీసుకోవద్దు. గల్ఫ్‌లో ఉన్న కార్మికుడు తరచూ పలువురు ఉండే గదిలో నుంచి మాట్లాడతాడు కాబట్టి, సంభాషణ మొదట్లోనే "ఇప్పుడు వీలవుతుందా" అన్న ప్రశ్నకు అతను ఏ మాట అంటే ఆపేయాలో ముందుగా ఒప్పందం చేసుకోండి. యు.ఎ.ఇ.లో వాట్సాప్ కాల్స్ మీద ఆంక్షలు ఉన్నందున అక్కడివారు బోటిమ్ వంటి యాప్‌లు వాడతారు, దాని గురించి కూడా భద్రతా పత్రంలో రాయాలి. అనుమతి లేకుండా సంభాషణను రికార్డు చేయడం అక్కడ నేరం. కాబట్టి అంగీకారం చెప్పిన మాటను రికార్డింగు మొదట్లోనే ఉంచండి.

సమయాలు, సెలవులు

సమావేశాల వేళల గురించి క్లుప్తంగా చెబుతాను. మనకంటే కువైట్ రెండున్నర గంటలు, దుబాయ్ గంటన్నర వెనక ఉంటాయి. డల్లాస్ చలికాలంలో పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర గంటలు వెనక ఉంటుంది. అమెరికాలో గడియారం మార్చే రోజు మార్చి రెండో ఆదివారం, యూరప్‌లో మార్చి చివరి ఆదివారం కాబట్టి, ఆ మధ్య వారాల్లో మూడు దేశాల సమావేశాలు తప్పిపోతుంటాయి. కువైట్‌లో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు; యు.ఎ.ఇ.లో 2022 జనవరి నుంచి శని, ఆదివారాలు. అర్ధరాత్రి సమావేశాలు ఎప్పుడూ హైదరాబాదువారి వంతే కాకుండా నెలకొకసారి మార్చుకోవాలి. భర్త సెలవు మీద ఇంటికి వచ్చిన నెలలో డబ్బు గురించిన ఇంటర్వ్యూలు పెట్టకండి. ఆ రోజులు వాళ్ళవి.

సాయం అడిగినప్పుడు

మీరు పరిశోధకులమని ఎంత చెప్పినా, విదేశీ విశ్వవిద్యాలయం పేరు వినగానే కొందరు తమవారిని వెనక్కి రప్పించమని, జీతం ఇప్పించమని అడుగుతారు. అది సహజం. మా చేతుల్లో లేదని చెప్పి లేచి రావడం మాత్రం తప్పు. ప్రతి పరిశోధకుడి సంచిలో ఒక పేజీ తెలుగు కాగితం ఉండాలి: విదేశాంగ శాఖ 2015లో మొదలుపెట్టిన మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసే విధానం, వలస చట్టం కింద అనుమతి తీసుకుని వెళ్ళిన కార్మికులకు వర్తించే ప్రవాసీ భారతీయ బీమా యోజన వివరాలు, ఆ అనుమతులు ఇచ్చే, హైదరాబాదులోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయంలో ఏమి అడగవచ్చో, మానసిక వేదనలో ఉన్నవారి కోసం టెలీ-మానస్ నంబరు 14416. ఆ కాగితం ముద్రణ ఖర్చును బడ్జెట్‌లో చూపించండి; భాగస్వాములు అభ్యంతరపెట్టరు.

రాయడం, తిరిగి ఇవ్వడం

వ్యాసాల మీద పేర్ల క్రమం గురించి మొదటి ముసాయిదా వచ్చాక మాట్లాడితే చేదు మిగులుతుంది. ఎవరు ఏ పని చేశారో నమోదు చేయడానికి 14 రకాల పాత్రలతో క్రెడిట్ అనే వర్గీకరణ ఉంది. దాన్ని ప్రాజెక్టు మొదటి నెలలో నింపి, ఆరు నెలలకొకసారి సరిదిద్దండి. ప్రశ్నను ప్రజల మాటలోకి తెచ్చిన క్షేత్ర పరిశోధకురాలి పని అనువాదంగా కాక పద్ధతి రూపకల్పనగా లెక్కలోకి రావాలి, ఆమె పేరు కృతజ్ఞతల్లో కాక రచయితల వరుసలో ఉండాలి. విశ్లేషణ సమావేశం కనీసం ఒకటి హైదరాబాదులో, తెలుగు రాతప్రతులను బల్ల మీద పెట్టుకుని జరపాలని ఒప్పందంలోనే రాయించండి. ఇంగ్లీషు రాతప్రతులతో మాత్రమే పనిచేసే విశ్లేషణలో రందికీ బెంగకూ తేడా మళ్ళీ కనుమరుగవుతుంది.

ఫలితాలను ఆ కుటుంబాలకు ఇవ్వడానికి నాలుగు పేజీల తెలుగు నివేదిక, చదవలేనివారి కోసం దాని ఆడియో సరిపోతాయి. అందులో ఏ జతనూ గుర్తుపట్టే వీలు లేదని, అచ్చుకు ముందు ఆ ప్రాంతానికి చెందిన ఇద్దరి చేత చదివించి చూడండి. నివేదిక రెండు చివరలకూ ఒకే రోజున చేరేలా పంపండి, కువైట్ కుటుంబాలకైతే శుక్రవారం. ఒకవైపు ముందు చేరితే, రెండోవైపు వారు దాన్ని ఫోన్లో ఇంకొకరి నోటి నుంచి, ఇంకొకరి కోపంతోనో సంతోషంతోనో కలిపి వినవలసి వస్తుంది.